నాగభూషణం గారి కారుకి మూడు సైలెన్సర్లు

1968 ఎండాకాలం. తెనాలిలో కాలవ గట్టు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. ఒక గ్యాస్ వెల్డింగ్ సెట్టు, ఇనుము బిగించి పట్టే ఒక వైసు బల్ల, ఒక కొలిమి, గంపెడు ఇసక, ఇవే నా ఆస్తి. ఇసక ఎందుకంటే, పైపుని ఉత్తినే వంచితే వంపు దగ్గర నొక్కుకుపోతుంది. లోపల ఇసక కూరి, రెండు వైపులా చెక్క బిరడాలు కొట్టి, ఎర్రగా కాల్చి వంచితే గుండ్రంగా వస్తుంది. బస్సులకీ లారీలకీ సైలెన్సర్లు అతకడం, పొలాల్లో ఆయిల్ ఇంజన్ల మోత తగ్గించడం నా పని. ఆయిల్ ఇంజను పొగ గొట్టాన్ని భూమిలో పాతిన పెద్ద కుండలోకి తిప్పితే, చెవులు గింగురుమనే చప్పుడు పోయి ఒట్టి దబ్ దబ్ మాత్రం మిగులుతుంది. ఇది నాకెవరూ నేర్పలేదు. రైతుల చేత చీవాట్లు తిని నేర్చుకున్నాను. మోత తగ్గించమని వచ్చినవాళ్లే గానీ, సౌండు బాగా రావాలని ఆ రోజు దాకా నా దగ్గరికి ఎవరూ రాలేదు.

ఆ రోజు పొద్దున పదింటికి షెడ్డు ముందు ఒక కారు ఆగింది. అలాంటిదాన్ని అంతకుముందు కాలెండరు బొమ్మల్లోనే చూశాను. ఇంగ్లండులో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. పైన టాపు లేదు. ముదురు ఆకుపచ్చ రంగు. కూర్చుంటే చెయ్యి కిందికి చాస్తే రోడ్డు తగులుతుందేమో అన్నంత పల్లంగా ఉంది. అందులోంచి భారీ మనిషి ఒకాయన, తెల్ల పంచె, పొట్టి చేతుల చొక్కాతో, కొంచెం కష్టపడి పైకి లేచారు. పక్క సీట్లో ఆయన భార్య, గాలికి జుట్టు చెదరకుండా కొంగు తల చుట్టూ బిగించుకుని కూర్చున్నారు.

"సైలెన్సర్ల మేస్త్రీవి నువ్వేనా?" అన్నారాయన. పక్క వీధికి కూడా వినపడి ఉంటుంది.

"అవునండి."

"దీని గొంతు పోయిందయ్యా. మద్రాసు తీసుకెళ్లాను. అంతా బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే నేనెందుకు అంత దూరం పోతాను?"

ఆయన పేరు నాగభూషణం. రేపల్లె దగ్గర రైస్ మిల్లు. ఎనిమిదేళ్ల కిందట తన దేశానికి తిరిగిపోతున్న ఒక తెల్లదొర దగ్గర ఈ కారు కొన్నారట. వారంలో ఆరు రోజులు మిల్లులో ఉంటారు. ఆదివారం మాత్రం భార్యని ఎక్కించుకుని బాపట్ల దాకా, అక్కడినుంచి సముద్రం దాకా పోయి వస్తారు. ఆ ఒక్క పూటా వినే సౌండు కోసమే ఈ కారు పెట్టుకున్నానని చెప్పారు. ఏడాదిన్నరగా అది రావడం లేదు.

"ఏ సౌండండి?" అని అడిగాను.

"స్పీడు మీద పోతున్నప్పుడు కంచు పళ్లెం మోగినట్టు పైన ఒక జీర ఉండేది. ఇంకోటి, యాక్సిలరేటర్ మీద కాలు తీశామనుకో, వెనకాల పేలాలు వేగినట్టు చిటపటలాడేది. ఆ రెండూ పోయాయి. ఇప్పుడు గోతాంలో మొహం పెట్టి మాట్లాడినట్టుంది. ఇది నీ వల్ల కూడా కాకపోతే అమ్మేస్తానయ్యా."

ఆవిడ పేరు రాజ్యలక్ష్మి గారు. "అమ్మడమెందుకండి, నడుస్తోంది కదా" అన్నారు మెల్లగా. ఆయన ఆ మాటకి బదులివ్వలేదు.

చదివేవారికి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఇంజనులో పెట్రోలు మండినప్పుడల్లా ఒక చిన్న పేలుడు. ఆ పొగ ముందు మానిఫోల్డ్ అనే చేతివేళ్లలాంటి గొట్టాల్లోకి వస్తుంది. అవి కలిసి ఒకే పైపు అవుతాయి. ఆ పైపు సైలెన్సర్ డబ్బాలోకి, అక్కడినుంచి టెయిల్ పైపు ద్వారా బయటికి. డబ్బాలో బాఫిల్స్ అనే అడ్డు రేకులుంటాయి. పొగ వాటిని కొట్టుకుంటూ, మలుపులు తిరుగుతూ పోయేసరికి చప్పుడు నీరసపడుతుంది. అడ్డు మరీ ఎక్కువైతే ఇంజనుకి ఊపిరి వదలడం కష్టమవుతుంది. దాన్నే బ్యాక్ ప్రెషర్ అంటాం. అందుకని సైలెన్సర్ పని అంటే మోతకీ ఊపిరికీ మధ్య రాజీ కుదర్చడమే.

డబ్బా కోసి చూశాను. మసి ఎక్కువగా ఉంది. ఒక బాఫిల్ వదులై ఊగుతోంది. దొరికింది దొంగ అనుకున్నాను. మసి గీకి, రేకు బిగించి, అతుకుల మధ్య కొత్త గాస్కెట్లు వేసి అతికాను. నాలుగో రోజు ఆయన వచ్చి కాలవ గట్టు మీద రెండు మైళ్లు తిప్పుకొచ్చారు.

"లేదు" అన్నారు. అంతే.

నాకు పట్టుదల వచ్చింది. అసలు స్పోర్ట్స్ కార్లకి ఎలాంటి సైలెన్సర్ వాడతారో తెలుసుకుందామని విజయవాడ వెళ్లి, ఒక పెద్ద గ్యారేజీలో పాత ఇంగ్లీషు మాన్యువల్ తిరగేశాను. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, కానీ బొమ్మలు అర్థమయ్యాయి. స్ట్రెయిట్ త్రూ అనే రకం ఒకటుంది. అందులో అడ్డు రేకులుండవు. పైపు డబ్బాలోంచి తిన్నగా పోతుంది. ఆ పైపు నిండా చిల్లులు. పైపుకీ డబ్బాకీ మధ్య గాజు ఉన్ని కూరుతారు. చప్పుడులో కొంత ఆ ఉన్నిలోకి పోతుంది, మిగతాది సూటిగా బయటికి వస్తుంది. తెనాలిలో గాజు ఉన్ని ఎక్కడ? లేత్ మిషను కింద రాలే సన్నటి ఉక్కు చుట్టలు బస్తాడు తెచ్చాను. వాటినే దట్టించాను. పైపుకి చిల్లులు వెయ్యడానికే రెండు రోజులు పట్టింది.

బిగించి స్టార్ట్ చేస్తే వీధిలో పోయేవాళ్లు నిలబడ్డారు. కాలు తీయగానే వెనక టపటపమని పేలాలు వేగాయి. మండకుండా మిగిలిన కాస్త పెట్రోలు వేడి పైపులో అంటుకుని చేసే చప్పుడది. పైన జీర కూడా ఉంది. నా చేతులతో చేసినదాన్లోంచి అలాంటి సౌండు వస్తుందని నేను ఊహించలేదు. ఆ వారమంతా సంబరంగా ఉన్నాను.

ఆదివారం తిరిగొచ్చి ఆయన, "మోత పెరిగిందయ్యా, జీర లేదు. చిటపట కూడా లేదు" అన్నారు.

"వస్తోందండి. నేను విన్నాను."

"బయట నిలబడి విన్నావు. నా సీట్లో కూర్చుంటే రాదు."

ఇది నాకు సబబుగానే తోచింది. టెయిల్ పైపు వెనక ఉంది, మనిషి ముందున్నాడు, టాపు లేని కారు. గాలి సౌండుని వెనక్కి లాక్కుపోతోందేమో. ఇంకా పొట్టి పైపు, ఇంకా పెద్ద చిల్లులు వేసి మూడోది చెయ్యాలని మనసులో బొమ్మ కూడా గీసుకున్నాను. ముందు లోపల కూర్చుని వినాలన్నాను. ఆయన సరేనన్నారు. భార్యని తెనాలిలో చుట్టాలింట్లో దింపి నన్ను ఎక్కించుకున్నారు. చెరుకుపల్లి మీదుగా బాపట్ల దారి పట్టాం.

దారి పొడుగునా నేను చెవులు రిక్కించి కూర్చున్నాను. జీర వినపడుతోంది. ఆయన కాలు తీసినప్పుడల్లా చిటపట వినపడుతోంది. గాలి లాక్కుపోవడం లేదు. నా సీటుకీ ఆయన సీటుకీ మధ్య మూరెడు దూరం లేదు. ఆయనేమో తల అడ్డంగా ఊపుతున్నారు.

"చూశావా? లేదు."

పెద్దాయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నా చెవులు నన్ను మోసం చేస్తున్నాయా అని కూడా అనిపించింది.

పిట్టలవానిపాలెం దాటాక ఎడమ పక్క కాలవ గట్టు మీంచి ఒక డొంక దారి వచ్చి రోడ్డులో కలుస్తుంది. జమ్ము గడ్డి అడ్డంగా పెరిగి అటు ఎవరొస్తున్నారో కనపడదు. అక్కడ సైకిలు బెల్లు వినపడింది. ఒకసారి కాదు, ఆపకుండా. నాగభూషణం గారు కాలు తియ్యలేదు.

"బాబుగారూ, సైకిలు" అని అరిచి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన బ్రేకు తొక్కారు. జమ్ములోంచి వచ్చిన సైకిలు మా ముందు చక్రానికి బెత్తెడు దూరంలో పక్కకి పడింది. వెనక కట్టిన చేపల గంప బోర్లా పడి చేపలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి.

సైకిలు మనిషి నలభై ఏళ్లవాడు. సముద్రం వైపు పల్లె నుంచి చేపలు తెచ్చి ఊళ్లలో అమ్ముకునేవాడు. పేరు పోలయ్య అని తర్వాత చెప్పాడు. మోచెయ్యి గీరుకుపోయింది తప్ప దెబ్బలేం లేవు. నాగభూషణం గారు అతన్ని తనే లేవదీశారు.

"బెల్లు కొట్టి రావద్దా నాయనా?" అన్నారు.

పోలయ్య ఆయన వంకా నా వంకా చూశాడు. "బెల్లు ఊడిపోయేట్టు కొట్టానండి. గట్టు ఎక్కినకాణ్ణించి కొడతానే ఉన్నానండి. మీ కారు మోత వినపడే కొట్టానండి."

"నువ్వు విన్నావా?" అని నన్నడిగారు.

"విన్నానండి."

అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆయన గొంతు పెంచి మాట్లాడే తీరు. మెల్లగా మాట్లాడే భార్యకి బదులివ్వకపోవడం. మద్రాసులో ఏం లేదనడం. అన్నిటికంటే, ఆయన పోయాయంటున్న రెండు సౌండ్లూ సన్నటివే. అడుగున ఉండే ఇంజను లావుపాటి మోత గురించి ఆయన ఏనాడూ ఫిర్యాదు చెయ్యలేదు.

చెప్పడానికి భయమేసింది. ఆయన పెద్దమనిషి, నేను రేకుల షెడ్డు మేస్త్రీని. కానీ రోడ్డు మీద చేపలు అలా పడి ఉన్నాయి.

"బాబుగారూ, ఏమీ అనుకోకుండా ఒక్క నిమిషం అటు తిరిగి నిలబడతారా? నేను ఈ బెల్లు కొడతాను. వినపడినప్పుడల్లా చెయ్యి ఎత్తండి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి పొలాల వైపు తిరిగారు. కారు ఇంజను ఆపేసి ఉంది. చుట్టూ నిశ్శబ్దం. పోలయ్య సైకిలు పట్టుకున్నాడు. నేను ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి బెల్లు కొట్టాను. చెయ్యి లేవలేదు. మళ్లీ కొట్టాను. ఇంకోసారి కొట్టాను.

"కానియ్యవయ్యా" అన్నారాయన, అటే చూస్తూ.

పోలయ్య తల దించుకున్నాడు. ఆయన వెనక్కి తిరిగి మా ఇద్దరి మొహాలూ చూశారు.

"కొట్టావా?"

"మూడు సార్లు కొట్టానండి."

ఆయన వచ్చి సైకిలు హ్యాండిలు మీదకి వంగి, బెల్లుకి చెవి ఆనించి, తనే కొట్టుకున్నారు. "ఏదో గీరినట్టుంది" అన్నారు. ఇంకో రెండుసార్లు కొట్టి వదిలేశారు. తర్వాత కింద కూర్చుని చేపలు ఏరడం మొదలుపెట్టారు. మేమూ కూర్చున్నాం. కాలవ నీళ్లతో కడిగి గంపలో సర్ది కట్టాం. పోలయ్య వెళ్లేటప్పుడు, "గుంటూరులో చెవుల డాక్టరు ఉన్నాడండి, మా మావని తీసుకెళ్లాం" అని చెప్పి వెళ్లాడు.

"అయితే కారు బాగానే ఉందన్నమాట" అన్నారు నాగభూషణం గారు.

"బాగానే ఉందండి. డబ్బా నేను కొయ్యకముందు కూడా దాదాపు బాగానే ఉందండి."

తాళం చెవి నా చేతిలో పెట్టి ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. అలాంటి కారు నేనెన్నడూ నడపలేదు. వచ్చిన దారినే మెల్లగా తిప్పాను. మొదటి మలుపులో నేను కాలు తీశాను.

"ఇప్పుడు వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చిందండి."

తెనాలి చేరేదాకా నేను కాలు తీసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నారు. వచ్చిందని చెబుతూనే ఉన్నాను. ఒక్కసారి కూడా విసుగనిపించలేదు. చుట్టాలింటి దగ్గర ఆగాక రాజ్యలక్ష్మి గారికి ఆయనే చెప్పారు. ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయారు.

"రెండేళ్లుగా కారులో నేనేం చెప్పినా పలకరు. కోపమనుకున్నాను. అందుకే మాట్లాడటం మానేశాను" అన్నారు నాతో.

గుంటూరు డాక్టరు రకరకాల శ్రుతి కడ్డీలు చెవి దగ్గర మోగించి చూశాడట. ముప్ఫై ఏళ్లు మిల్లు మోతలో ఉండటం వల్ల సన్నటి చప్పుళ్లు వినే శక్తి పోయింది, అది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలి అన్నాడట. వారం తర్వాత భార్యాభర్తలిద్దరూ మళ్లీ నా షెడ్డుకి వచ్చారు. కారు వదిలించుకోవడానికి నా చేత బేరం పెట్టిస్తారేమో అనుకున్నాను.

"మేస్త్రీ, నాకు వినపడే సౌండు చెయ్యగలవా?" అన్నారాయన. "ఊళ్లోవాళ్లకి కాదు. నాకు."

రాజ్యలక్ష్మి గారు వెంటనే అందుకున్నారు, ఈసారి ఆయనకి వినపడేట్టు. "మోత మాత్రం పెంచొద్దు. ఆ రోజు ఆ సైకిలాయన అదృష్టం బాగుండి బతికాడు."

ఆవిడ అన్నది నాకు గట్టిగా తగిలింది. ఆయనకి అసలే సరిగ్గా వినపడని బెల్లుని ఇంకాస్త ముంచేసింది నేను పెట్టిన సైలెన్సరే. దాన్ని ముందు విప్పి పక్కన పడేశాను.

మూడో సైలెన్సర్‌కి మాన్యువల్ పనికిరాలేదు. ఆయిల్ ఇంజన్ల కుండ పనికొచ్చింది. మధ్యలో ఖాళీ డబ్బా ఒకటి పెడితే సన్నటి చప్పుళ్లు అందులోనే అణిగిపోతాయి, లావుపాటి మోత ఒక్కటే బయటికొస్తుంది. ఆయనకి దక్కేది అదే. ఇక దాని శ్రుతి. టెయిల్ పైపు పొడవు పెరిగితే శ్రుతి కిందికి దిగుతుంది. ఎంత పొడవన్నది లెక్కగట్టే చదువు నాకు లేదు. అందుకని ఒక పైపులో ఇంకో పైపు జారేట్టు బిగించి, అంగుళం అంగుళం లాగుతూ పోయాను. ఆయన సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, ఒక చెయ్యి గేరు కడ్డీ మీద ఉంచారు. చెవికి అందనిది చేతికి అందుతుందని ఆయనే కనిపెట్టారు. బాగున్నప్పుడు వేలు ఎత్తేవారు. రాజ్యలక్ష్మి గారు రోడ్డు మీద యాభై గజాల దూరంలో నిలబడి, అక్కడికి ఎక్కువ అనిపిస్తే చెయ్యి ఊపేవారు. ఇద్దరికీ నచ్చే చోటు దొరకడానికి రెండు పూటలు పట్టింది. చివర్లో పైపుని వెనక్కి కాకుండా డ్రైవరు సీటు దాటగానే పక్కకి వంచి, పొగ కిందికి పోయేట్టు వదిలాను.

దూరం నుంచి వింటే అది మామూలు కారే. సీట్లో కూర్చుంటే మాత్రం వెన్నుపూస కింద ఒక నిండు మోత మెల్లగా లేచి, స్పీడు పెరిగేకొద్దీ గుండె దాకా ఎక్కేది. మొదటిసారి నడిపి వచ్చాక ఆయన చాలాసేపు దిగలేదు.

"ఇది పాతది కాదు" అన్నారు. గేరు కడ్డీ మీద చెయ్యి వేసి, "కానీ ఇది నాది" అన్నారు.

భార్య పక్కన లేకుండా ఆ కారు నడపనని ఆయన మాట ఇచ్చారు. బెల్లు గానీ పిల్లల కేక గానీ వినపడితే ఆవిడ ఆయన భుజం మీద తట్టేవారు. తలుపులకి రెండు పెద్ద అద్దాలు కూడా నా చేతే పెట్టించుకున్నారు. మిల్లులో వడ్లు దంచే హల్లర్ల దగ్గర పనిచేసేవాళ్ల చేత చెవుల్లో దూది పెట్టించడం మొదలుపెట్టారు. మొదట్లో వాళ్లు నవ్వారట. ఆయన తన కథ చెబితే నవ్వడం మానేశారట. రేకు మీద సుత్తి దెబ్బ వేసేముందు నేనూ దూది పెట్టుకోవడం అప్పుడే మొదలైంది.

1974లో ఒకసారి రేపల్లె వెళ్లినప్పుడు ఆయన్ని చూశాను. మాటల మధ్యలో, "నువ్వు ఆ రోజు నోరు మూసుకుని ఇంకో సైలెన్సర్ చేసి ఇచ్చినా తీసుకునేవాణ్ణే మేస్త్రీ. ఆ తర్వాత ఇంకోటి. నీకు జన్మంతా పని దొరికేది" అన్నారు నవ్వుతూ.

నేను నవ్వలేకపోయాను. ఎందుకంటే నేను చెయ్యబోయింది సరిగ్గా అదే. ఇంకాస్త పొట్టి పైపు, ఇంకాస్త పెద్ద చిల్లులు, ఇంకాస్త మోత. నాకు పైపులు తెలుసు కాబట్టి తప్పు పైపులోనే ఉంటుందని నమ్మాను. ఆ నమ్మకంతో ఒక మనిషిని రోడ్డు మీద చంపించి ఉండేవాణ్ణి. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు పనిచేశాను. ఏ బండి వచ్చినా బోనెట్ ఎత్తకముందు దాని యజమానిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎప్పట్నించి, ఎక్కడ కూర్చున్నప్పుడు, మీతోపాటు ఇంకెవరికైనా అలాగే ఉందా అని అడిగేవాణ్ణి. కొందరు విసుక్కునేవారు. బండి చూడమంటే నన్ను చూస్తావేంటని అడిగేవారు. రెండూ చూడాలండీ అని చెప్పి, అప్పుడు స్పానర్ తీసేవాణ్ణి.